మాట తప్పే దెయ్యాలు

దెయ్యం సినిమా గానీ హత్య మిస్టరీ గానీ చూసి బయటికి వచ్చిన తెలుగు ప్రేక్షకుడి తీర్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇంటర్వెల్ దాకా బాగుంది, ఆ తర్వాత తేలిపోయింది. ఓటీటీ సిరీస్ అయితే రెండు మూడు ఎపిసోడ్లు పట్టుగా నడిచాయి, తర్వాత సాగదీశారు అంటారు. ఇంతమంది, ఇన్నేళ్లుగా, ఒకదానితో ఒకటి పోలిక లేని ఇన్ని కథల గురించి ఒకే మాట అంటున్నారంటే దాన్ని అభిరుచి తేడా అని కొట్టిపారేయలేం. తయారీలోనే ఎక్కడో లోపం పాతుకుపోయి ఉంది. బడ్జెట్ చాలదనో, గ్రాఫిక్స్ నాసిరకమనో, మనవాళ్లకు భయపెట్టడం చేతకాదనో సాధారణంగా చెబుతుంటారు. ఈ కారణాలేవీ నాకు అతకడం లేదు. మొదటి గంట భయపెట్టగలిగినవాళ్లకు రెండో గంటకు ఆ విద్య ఎలా మాయమవుతుంది? డబ్బు మాటకొస్తే, ఎక్కువ ఖర్చు పెట్టేది తేలిపోయిందని మనం అంటున్న ఆ క్లైమాక్స్ మీదే. అసలు కారణం ఇదని నా నమ్మకం: కథ మొదట్లో తానే ఒక నియమం పెడుతుంది, ప్రేక్షకుడు దానికి ఒప్పుకుని కూర్చుంటాడు, సగం దాటాక కథే ఆ మాట తప్పుతుంది. ఇంటికెళ్లేటప్పుడు మనసులో మిగిలే చేదు భయం చాలనందుకు కాదు, నమ్మినందుకు.

దెయ్యం కథలో లాజిక్ వెతకడమేమిటని ఇక్కడే అడ్డు తగిలేవాళ్లుంటారు. లాజిక్ వేరు, నియమం వేరు. శవంలోంచి భేతాళుడు మాట్లాడటం లాజిక్‌కు అందదు. కానీ విక్రమార్కుడు నోరు విప్పితే భేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల వెయ్యి చెక్కలవుతుంది. చందమామ ఈ ఒక్క చట్రం మీద దశాబ్దాల తరబడి నెలనెలా కథ వేసింది. శవం ఎలా మాట్లాడుతుందని ఏ పిల్లవాడూ అడగలేదు. ఒక నెల రాజు మౌనంగా ఉండగానే భేతాళుడు ఊరికే ఎగిరిపోయి ఉంటే మాత్రం తప్పకుండా అడిగేవాడు. 2009లో కోడి రామకృష్ణ తీసిన అరుంధతి ఇప్పటికీ నిలిచి ఉండటానికి ఇదే కారణం. అందులోనూ పొడుగాటి ఫ్లాష్‌బ్యాక్ ఉంది, గ్రాఫిక్స్ ఈనాటి కళ్లకు పాతబడ్డాయి కూడా. కానీ పశుపతిని ఎలా చంపవచ్చో, దానికి జేజమ్మ ఏం ఇచ్చుకోవాలో ఆ ఫ్లాష్‌బ్యాక్‌లోనే తేలిపోతుంది. తన ప్రాణం వదిలి, తన ఎముకలతో ఆయుధం చేయించుకోవాలి. మరుజన్మలో ఆ ఆయుధం తన రక్తంతో తడిస్తేనే పనిచేస్తుంది. క్లైమాక్స్‌లో కొత్త శక్తి ఏదీ ఊడిపడదు, ముందు చెప్పిందే జరుగుతుంది. హిందీలో 2018లో వచ్చిన తుంబాడ్ కూడా అంతే. అందులోని భూతం హస్తర్‌కు పిండి ఆకలి, గీసిన వలయం దాటి లోపలికి రాలేడు. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, మిగతా భయమంతా ప్రేక్షకుడే లెక్కవేసుకుంటాడు.

ఈ క్రమశిక్షణ తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కలిసి తేల్చిన కేసుల్లో హంతకుడు కథలో ముందే తిరిగిన మనిషై ఉండేవాడు. పాఠకుడు వెనక్కి పేజీలు తిప్పి చూసుకోగలిగేవాడు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, మూఢనమ్మకాలు పెంచుతోందన్న విమర్శ ఎంత ఘాటుగా వచ్చిందో, ఆ వారం పత్రిక కోసం ఎదురుచూపూ అంత గట్టిగా ఉండేది. ఆ విమర్శలో బలముంది. కానీ నిర్మాణం దృష్టితో చూస్తే, చిన్నపిల్ల జబ్బుకు డాక్టర్లు చెప్పే కారణాన్నీ మంత్రగాడు చెప్పే కారణాన్నీ రచయిత చివరిదాకా పక్కపక్కనే నడిపాడు. ఏది నిజమో తేల్చుకునే పని పాఠకుడికి వదిలాడు. వారానికి కొన్ని పేజీలు మాత్రమే దొరికే సీరియల్‌లో మాట తప్పితే వచ్చే వారానికే పాఠకుడు నిలదీస్తాడు. వంశీ అన్వేషణలో (1985) అడవిలో హత్యలు పులి పనా మనిషి పనా అన్న ఒక్క ప్రశ్నే సినిమా అంతా నడిపింది, జవాబు ఆ ప్రశ్నకే వచ్చింది. 1992లో రామ్‌గోపాల్ వర్మ రాత్రి తీసేనాటికి మన దగ్గర చెప్పుకోదగ్గ దెయ్యం సినిమాలు తక్కువే అయినా, రేవతి ఉన్న ఆ ఇంట్లో ఏ గది ఎక్కడుందో, నేలమాళిగకు దారి ఏదో చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

గది ఎక్కడుందో తెలియడం చిన్న విషయం కాదు. భయం కథ పెట్టే మొదటి నియమమే చోటు. సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న బొల్లారాన్నే తీసుకుందాం. కంటోన్మెంట్ గేట్లు, చెట్ల నీడల్లో పాత బంగళాలు, రైల్వే స్టేషన్, 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి. 1983 నవంబర్‌లో రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజున ప్రార్థనకు వచ్చింది ఆ చర్చికే. అంతకు చాలా ముందు, 1855 మొహర్రం రోజుల్లో, ఊరేగింపు మీద ఆంక్షలకు రగిలిపోయిన హైదరాబాద్ కంటింజెంట్ సిపాయిలు బ్రిగేడియర్ కోలిన్ మెకంజీని కత్తులతో నరికి చావు అంచుదాకా తెచ్చింది ఈ బొల్లారంలోనే. 1860లో నిజాం కాలంలో కట్టిన రెసిడెన్సీ భవనం ఇప్పుడు రాష్ట్రపతి నిలయం. అక్కడ వంటశాల ప్రధాన భవనానికి విడిగా ఉంటుంది. వండినవి భోజనశాలకు చేరడానికి నేల కింద ఒక సొరంగం ఉంది. 2023 మార్చిలో నిలయాన్ని ఏడాది పొడవునా జనానికి తెరిచాక, గోడల మీద చేర్యాల బొమ్మలు చూసుకుంటూ సందర్శకులు ఆ దారిలో నడిచి వస్తున్నారు. ఆ సొరంగానికి ఒక పని ఉంది. ఎటు మొదలవుతుందో, ఎటు తేలుతుందో, అందులో ఎవరు నడిచేవారో, చేతుల్లో ఏం మోసేవారో చెప్పగలం. బల్ల ముందు కూర్చున్న దొరలకు పళ్లేలు కనిపించేవి, అవి వచ్చిన దారి కనిపించేది కాదు. ఒక మంచి రచయితకు ఇంతకన్నా కావలసిందేముంది?

మన సినిమాల్లో సొరంగం అలా ఉండదు. హీరో తప్పించుకోవలసి వచ్చినప్పుడు పుస్తకాల బీరువా వెనక తెరుచుకుంటుంది, పని అయిపోగానే కథలోంచి మాయమవుతుంది. బంగళా కూడా అంతే. రాజు గారి గది వరసలో గానీ, 2023లో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో నెల తేడాతో వచ్చిన అతిథి, మాన్షన్ 24 సిరీస్‌ల్లో గానీ ఆ పెద్ద ఇంట్లో గదులెన్నో, మెట్లు ఎటు తిరుగుతాయో, వంటిల్లు ఎక్కడో చూసినవాడు చెప్పలేడు. తలుపు చప్పుడైతే ఏ తలుపో తెలియాలి, అప్పుడు కదా గుండె ఝల్లుమనేది! తెలియని ఇంట్లో తెలియని తలుపు కొట్టుకుంటే అది శబ్దంగానే మిగులుతుంది. అందుకే ఆ లోటు పూడ్చడానికి నేపథ్య సంగీతం గొంతు పెంచుతుంది. రవిబాబు అవును (2012) పెద్ద ఖర్చు లేకుండా, మామూలు కాలనీలోని ఒక కొత్త ఇంటితోనే జనాన్ని కూర్చోబెట్టింది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయితో పాటు మనమూ ఆ ఇల్లంతా చూసేశాం కాబట్టే ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారన్న అనుమానం పనిచేసింది. 2022లో సాయికిరణ్ మసూదలోనూ హైదరాబాద్‌లోని మామూలు అపార్ట్‌మెంట్, ఒంటరి తల్లి, పక్క ఫ్లాట్ కుర్రాడు. ఆ గోడలు, ఆ కారిడార్ మనం రోజూ చూసేవే. బడ్జెట్ వాదానికి ఈ రెండు సినిమాలు చాలిన జవాబు.

అయితే మసూద కూడా రెండో సగంలో బరువెక్కింది. ఫ్లాష్‌బ్యాక్ బరువు ఆ ఒక్క సినిమాది కాదు, తెలుగు దెయ్యాల్లో చాలావాటికి ఇంకో అలవాటు కూడా ఉంది: మన దెయ్యానికి తరచూ ఒక అన్యాయం జరిగి ఉంటుంది. ఎవరో మోసం చేశారు, ఎవరో చంపారు, పగ తీరేదాకా శాంతి లేదు. మొదటి గంట మనల్ని వణికించిన ఆ నీడ రెండో గంటలో పాపం బాధితురాలు అవుతుంది. ఆమెకు ఒక పాట, ఒక పెళ్లిచూపులు, ఒక దుర్మార్గుడు. అప్పు తీర్చమని అడిగితే ఇంటి కష్టాలు ఏకరువు పెట్టినట్టుంటుంది ఈ వ్యవహారం. ఆ కష్టాలు నిజమే కావచ్చు, వినేవాడి కళ్లు చెమర్చవచ్చు కూడా, బాకీ మాత్రం అలాగే ఉంటుంది. దెయ్యం ఈ ఇంటికే ఎందుకు వచ్చింది, ఏం చేయగలదు, ఏం చేయలేదు, దాన్ని ఎలా ఆపాలి అన్నవి మొదటి సగంలో లేచిన ప్రశ్నలు. ఫ్లాష్‌బ్యాక్ వాటిలో ఒక్క ఎందుకుకే జవాబు చెప్పి, మిగతావాటిని జాలితో కప్పేస్తుంది. పైగా జాలి పుట్టిన చోట భయం నిలవదు. పగ న్యాయమైనదని ఒప్పుకున్నాక దెయ్యం హీరోయిన్ అయిపోతుంది, ఇక మనం భయపడవలసింది విలన్ కోసం. వాడి కోసం ఎవడు భయపడతాడు?

కామెడీ దీనికి మందు అని పరిశ్రమ అనుకుంది. 2013లో ప్రేమకథా చిత్రమ్ ఆడాక, గీతాంజలి (2014), రాజు గారి గది (2015) వెంటవెంటనే వచ్చాయి. కొన్నేళ్లపాటు భయం కథ అంటే నలుగురు కమెడియన్లు ఒక పెద్ద ఇంట్లో పరుగెత్తడమే అన్న స్థితి వచ్చింది. మన ప్రేక్షకులు ఉత్త భయాన్ని భరించరు, నవ్వు కలపకపోతే టికెట్లు తెగవు అన్న వాదన అప్పుడు గట్టిగా వినిపించింది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కుటుంబమంతా కలిసి వెళ్లే థియేటర్‌లో నవ్వు ఒక అవసరం. కానీ నవ్వుకూ నియమం కావాలి. మహి వి. రాఘవ్ ఆనందో బ్రహ్మ (2017) ఆ వరసలో మిగతావాటికన్నా మెరుగ్గా నిలిచిందంటే, అందులో మనుషులకు భయపడే దెయ్యాలున్నాయి, దెయ్యాన్ని చూసినా భయపడలేని లోపాలున్న మనుషులున్నారు. ఎవరి లోపం ఏమిటో ముందే చెప్పేశారు. ఆ తర్వాత వచ్చే ప్రతి నవ్వూ ఆ లోపంలోంచే పుట్టింది. మిగతా సినిమాల్లో కామెడీ భయానికి సెలవు దినం. దెయ్యం గదిలో ఉండగానే పంచ్ డైలాగులు పడుతుంటే, వాళ్లకే లేని భయం చూసేవాడికి ఎందుకుండాలి? ఇక నవ్వు లేకపోతే ఆడదన్న మాటను 2023లో విరూపాక్ష విజయం చెరిపేసింది.

ఓటీటీ వచ్చాక ఈ పరిస్థితి మారుతుందని చాలామంది ఆశపడ్డారు, ఆ ఆశ న్యాయమైనదే. పాటలు అక్కర్లేదు, ఇంటర్వెల్ అక్కర్లేదు, కమెడియన్ అక్కర్లేదు. కథకు కావలసినంత చోటు. కానీ ఆ చోటే కొత్త ముప్పు తెచ్చింది. 2023 డిసెంబర్‌లో ప్రైమ్ వీడియోలో వచ్చిన దూతను చూడండి. విక్రమ్ కె. కుమార్ అంతకు ముందు 13బి లో, టీవీ సీరియల్‌లో జరిగింది ఇంట్లో జరగడమనే ఆలోచనతో ఒళ్లు గగుర్పొడిచేలా చేసిన దర్శకుడు. దూతలో టీవీ స్థానంలోకి పేపరు వచ్చింది. ఎడతెగని వాన, హైవే పక్క ధాబాలో నాగచైతన్య పోషించిన జర్నలిస్టు సాగర్ చేతికి చిక్కిన పేపరు ముక్క, అందులో కాసేపట్లో జరగబోయే కారు ప్రమాదం. అచ్చయినది జరిగి తీరుతుంది. అద్భుతమైన నియమం! పత్రికలో పడిందే నిజమని నమ్మే మనిషికి, పత్రిక నడిపే మనిషికి ఇంతకన్నా పదునైన శిక్ష ఉండదు. అయితే ఆ నియమం లేపిన ప్రశ్న, రాసింది తప్పించగలమా లేదా అన్నది. ఎనిమిది ఎపిసోడ్లలో ఆ ప్రశ్న క్రమంగా పక్కకు జరిగి, ఆ రాతల వెనకున్న పాత పత్రిక కథ, పాత పగ ముందుకొచ్చాయి. పత్రికా రంగం అమ్ముడుపోవడం మీద ఆ కథ చెప్పదలచుకున్నది ముఖ్యమైనదే. కానీ చివరి ఎపిసోడ్లలో దాన్ని సంభాషణలుగా వినిపించారు, మొదటి ఎపిసోడ్‌లో లాగా సంఘటనగా చూపలేదు. అంత మంచి ఆరంభం ఉన్నందుకే ఈ నిరాశ ఎక్కువ బాధిస్తుంది.

మిగతావాటి మీద ఇంతసేపు ఆగనక్కర్లేదు. ఆహాలో 2021లో వచ్చిన లెవన్త్ అవర్ కథ ఒక్క రాత్రిలో తెల్లారేలోగా అప్పు కట్టాల్సిన వ్యాపారవేత్తది. టైమ్ అయిపోతోందని అందరూ అంటుంటారు, ఆ తొందర మాత్రం తెర మీద ఎక్కడా కనిపించదు. అన్యాస్ ట్యుటోరియల్ (2022) ఆన్‌లైన్‌లో లైవ్ పెట్టే అమ్మాయి గదిలోకి దెయ్యాన్ని తెచ్చి, కెమెరా ముందు ఏం జరగొచ్చు అన్న చక్కటి హద్దు గీసి, ఆ హద్దులో నిలవలేకపోయింది. అదే ఆహాలో పవన్ కుమార్ తీసిన కుడి ఎడమైతే మాత్రం ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరిగొచ్చే కథను నిబ్బరంగా నడిపింది. ఇద్దరికే ఆ రోజు గుర్తుంటుంది, ప్రతిసారీ కొంచెం కొంచెం తెలుస్తుంది. ఎనిమిది ఎపిసోడ్లు అక్కడ బరువు కాలేదు, ఎందుకంటే ప్రతి ఎపిసోడూ ఆ నియమాన్నే ఒక మెట్టు ఎక్కించింది. కాబట్టి నిడివే దోషమన్న వాదన నిలవదు. సినిమాకు సరిపడా ఉన్న ఒక్క ముడిని పట్టుకుని సిరీస్‌కు సరిపడా లాగితే మధ్యలో దారం కనిపిస్తుంది, అంతే.

దెయ్యం లేని కథల్లోనూ జబ్బు ఇదే, పైకి కనిపించే తీరు వేరు. శైలేష్ కొలను హిట్: ది ఫస్ట్ కేస్ (2020) మొదటి సగంలో పోలీసు పని ఎంత నిదానంగా, ఎంత ఓపికగా సాగుతుందో చూపింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద తప్పిపోయిన అమ్మాయి కోసం ఒక్కో ఆధారం తీస్తూ, తప్పు దారిలోకి వెళ్లి వెనక్కి వస్తూ ఉంటుంది. చివర్లో బయటపడిన కారణానికి మాత్రం ఆ దర్యాప్తంత బరువు లేదు. 2025లో హిట్ 3 వచ్చేసరికి దర్యాప్తు పక్కకు తప్పుకుని, రక్తం ముందుకు వచ్చింది. ఎ సర్టిఫికెట్ దానికి సమస్య కాదు. హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్ అని పేరు పెట్టుకున్న వరసలో కేసు తేల్చే మెదడుకు పని తగ్గి చేతులకే పని పెరిగింది, మాట తప్పడమంటే ఇదే. స్పానిష్ సినిమా ఆధారంగా తీసిన ఎవరు (2019), తమిళ రాట్చసన్ రీమేక్ రాక్షసుడు (2019) పట్టుగా ఉన్నాయంటే వాటి ముడులు ముందే పరీక్ష నెగ్గినవి. ఆ ఏడాదే సొంత కథతో వచ్చిన ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ వాటికన్నా నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. నెల్లూరు, రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాలు, ఒక చిన్న ఆఫీసు. నవ్విస్తూ మొదలై, నవ్విస్తూనే వేసిన ఆధారాలతో నేరం తేల్చింది. ఆ నేరం ఈ నేల మీద జరగగలిగినదే కాబట్టి విప్పిన ముడి చప్పగా అనిపించలేదు.

కొరియా, స్పెయిన్ కథలన్నీ ఫోన్‌లోనే చూసేసిన ప్రేక్షకుడికి ఏ ట్విస్టూ కొత్తగా ఉండదు, నిరాశ తప్పదు అని ఒక వాదన ఉంది. ట్విస్టును ముందే పసిగట్టడం నిరాశ కాదు. భేతాళుడు చివరికి చెట్టెక్కుతాడని ప్రతి పిల్లవాడికీ తెలుసు కదా. అరుంధతి ఎన్నిసార్లు టీవీలో వేసినా జనం చూస్తారు. తెలిసిన ముగింపుకు కూడా ఊపిరి బిగబట్టి ఎదురుచూసేలా చేసేది నియమమే. ఎవరూ ఊహించని ముగింపు కావాలన్న ఒత్తిడితో, ముందు కనిపించని కవల సోదరుడినో, ముందు చెప్పని మతిమరుపునో చివరి పది నిమిషాల్లో తెచ్చిపెట్టే కథలు ఆశ్చర్యపరుస్తాయి, మర్నాటికి గుర్తుండవు.

ఇదంతా కళ గురించిన పట్టింపు మాత్రమే అయితే ఇంత పట్టుబట్టేదాన్ని కాదు. చేతబడి, బాణామతి మన దగ్గర కథలు కావు. తెలంగాణ పల్లెల్లో ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టారు, పళ్లు పీకారు, చంపారు. చాలాసార్లు బలైనవాళ్లు పేదలు, ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు. కాబట్టి చేతబడి మీద కథ తీసేవాడు తన నియమం ఏమిటో మరింత స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది: ఈ కథలో అది నిజమా, నిజమని నమ్మించిన నేరమా? 2021లో వచ్చిన మా ఊరి పొలిమేరకు బలం ఆ ప్రశ్నను ఒక ఊరిలో, ఒక ఇంట్లో నిలబెట్టడం. సత్యం రాజేష్ పోషించిన కొమురయ్య మామూలు మనిషి కావడం వల్లే ఆ అనుమానం అంత దగ్గరగా తాకింది. 2023 నాటి రెండో భాగం గుడి, నిధి వైపు మళ్లి, మొదటి ప్రశ్నను పల్చన చేసింది. విరూపాక్ష మీద నాకున్న మెచ్చుకోలుకు కూడా ఇక్కడే హద్దు వస్తుంది. చట్రం విషయంలో అది ఈ మధ్య కాలంలో వచ్చినవాటిలో గట్టిది. ఒక పుష్కరం గడువు, అష్ట దిగ్బంధనం చేసిన ఊరు, ఆ ఊరు దాటితే ఏమవుతుందో ముందే తెలియడం. కానీ ఆ కథ మొదలయ్యేది రుద్రవనం జనం చేతబడి అనుమానంతో ఒక జంటను తగలబెట్టడంతో. ఆ మంట దగ్గర నిలబడిన ఊరివాళ్లు చేసిన తప్పేమిటో సినిమా చివరికి తేల్చాలి. క్షుద్రశక్తి నిజమేనని కథ ఒప్పుకున్నాక, ఆ రోజు వాళ్ల భయం నిజమైనట్టే, ఆ మంటకు సాకు దొరికినట్టే. మిగతా నియమాలన్నీ అంత జాగ్రత్తగా కాపాడుకున్న రచన ఈ ఒక్క చోట మౌనంగా దాటిపోయింది. బొల్లారం నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే ఇలాంటి అనుమానాలు ఇంకా బతికి ఉన్న ఊళ్లున్నాయి. అక్కడి ఇళ్లలోనూ ఈ సినిమాలు ఫోన్లలో ఆడుతున్నాయి.